సోలార్ పెట్టినా కరెంట్ ఎందుకు పోతుంది? కరెంట్, వేడి నీళ్లు, తాగునీళ్లు ఇంట్లోనే తయారు చేసుకునే పూర్తి లెక్క

“మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోండి, కరెంట్ బిల్లు జీరో, కరెంట్ కోతలకు టాటా!” ఇలాంటి రీల్స్ ఈ మధ్య అందరి ఫీడ్‌లోనూ వస్తున్నాయి. ఇందులో మొదటి మాట కొంతవరకు నిజం. రెండోది చాలా ఇళ్లలో అబద్ధం. మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమ్ ఉన్న ఇంట్లో వీధిలో కరెంట్ పోతే, మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా ఫ్యాన్ ఆగిపోతుంది. ఈ విషయం డబ్బు కట్టాక తెలిసేవాళ్లే ఎక్కువ.

ఇంట్లో ఫోన్ ఏది కొనాలో మనల్నే అడుగుతారు కదా. సోలార్ కొటేషన్ వచ్చినా నాన్న మన చేతికే ఇస్తారు. కాకపోతే ఇది 20 వేల ఫోన్ కాదు. లక్షల్లో ఉండే ఖర్చు, పాతికేళ్లు మేడ మీద ఉండే వస్తువు. అందుకే ఈ ఆర్టికల్‌లో ఒక నలుగురు ఉండే ఇండిపెండెంట్ ఇల్లు తీసుకుని కరెంట్, వేడి, నీళ్లు మూడింటిలో ఎంతవరకు సొంతంగా నిలబడగలదో లెక్క వేసి చూద్దాం.

ముందు యూనిట్ అంటే ఏంటో ఫోన్ భాషలో

5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్ అవర్ల ఎనర్జీ. కరెంట్ బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు. అంటే ఒక్క యూనిట్‌లో 52 ఫోన్ల బ్యాటరీలు ఉన్నట్టు. 1.5 టన్నుల ఏసీ ఎండాకాలంలో గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. ఈ స్కేల్ గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ ఈజీ.

మన శాంపిల్ ఇంట్లో రోజు వాడకం ఇలా ఉంటుంది:

- మామూలు ఫ్యాన్లు 4 (75 వాట్లు, 12 గంటలు): 3.6 యూనిట్లు
- ఫ్రిజ్: 0.8
- రెండు ల్యాప్‌టాప్‌లు, వైఫై రౌటర్: 1.1
- టీవీ, ఎల్ఈడీ లైట్లు: 0.8
- మోటార్, వాషింగ్ మెషీన్, మిక్సీ, ఇస్త్రీ: 1.3
- చలికాలంలో గీజర్: 3
- ఎండాకాలంలో ఒక ఏసీ, 6 గంటలు: 6

గీజర్, ఏసీ ఒకే సీజన్‌లో నడవవు కాబట్టి రోజుకు 10 నుంచి 14 యూనిట్ల మధ్య ఉంటుంది. నెలకు సగటున 350 అనుకుందాం.

ఇప్పుడు ప్యానెల్స్ కంటే ముందు చేయాల్సిన పని: ఫ్యాన్లు మార్చడం. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతోనే నడుస్తుంది. నాలుగు ఫ్యాన్లకు రోజుకు 2 యూనిట్ల పైనే మిగులుతుంది. అంత కరెంట్ తయారు చేయాలంటే అర కిలోవాట్ ప్యానెల్స్ కావాలి. ఫోన్‌లో పెద్ద బ్యాటరీ పెట్టే ముందు బ్యాటరీ తినే యాప్‌ని తీసేయడం లాంటిదన్నమాట.

ఎన్ని కిలోవాట్లు పెట్టాలి?

మన రెండు రాష్ట్రాల్లో 1 కిలోవాట్ ప్యానెల్స్ ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. దానికి సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. 3 కిలోవాట్లు పెడితే రోజుకు 12, నెలకు 360 యూనిట్లు. అంటే మన ఇంటి వాడకానికి సరిగ్గా సరిపోతుంది. మరి 3 కిలోవాట్లే కొనేయాలా? ఆగండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన టారిఫ్ చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75. సోలార్ మీ వాడకంలో పై నుంచి కోస్తుంది, అంటే ఖరీదైన యూనిట్లు ముందు పోతాయి. 350 యూనిట్ల ఇంటికి ఎనర్జీ చార్జీ ఒక్కటే లెక్కేస్తే:

- సోలార్ లేకుండా: సుమారు 2,110 రూపాయలు
- 1 కిలోవాట్‌తో (120 యూనిట్లు): 1,060. ఆదా 1,050
- 2 కిలోవాట్లతో: 350. అదనపు ఆదా 710
- 3 కిలోవాట్లతో: దాదాపు సున్నా. అదనపు ఆదా 350 మాత్రమే

చూశారా? మొదటి కిలోవాట్ ఇచ్చే లాభంలో మూడోది ఇచ్చేది మూడో వంతే. సబ్సిడీ కూడా అలాగే ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 లేదా అంతకంటే ఎక్కువైతే 78 వేలు. మూడో కిలోవాట్‌కు వచ్చేది 18 వేలే. వెండర్లు 3 నుంచే మొదలుపెడతారు, 2 సరిపోయే ఇళ్లు బోలెడు ఉన్నాయి. అయితే రేపు ఎలక్ట్రిక్ స్కూటర్, ఇండక్షన్ స్టవ్, రెండో ఏసీ ప్లాన్‌లో ఉంటే 3 తీసుకోవడం కరెక్టే.

తెలంగాణలో ఉన్నవాళ్లకు ఇంకో పాయింట్. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు ఫ్రీగా వస్తున్న ఇంటికి, బిల్లు ఆదా కోసం అయితే సోలార్ అవసరమే లేదు. బ్యాకప్ కోసం కావాలంటే అది వేరే లెక్క.

ఇంకో చిన్న విషయం: ప్యానెల్‌కి ఎండ కావాలి కానీ వేడి వద్దు. ఫోన్ వేడెక్కితే థ్రాటిల్ అయినట్టే, ప్యానెల్ కూడా 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి 0.3 శాతం పైచిలుకు పవర్ కోల్పోతుంది. మే నెలలో ప్యానెల్ వేడి 60 దాటుతుంది, అంటే 10 శాతానికి పైగా నష్టం. అందుకే ప్యానెల్స్‌ని స్లాబ్‌కి అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టించాలి. టాప్‌కాన్ ప్యానెల్స్‌లో ఈ నష్టం కొంచెం తక్కువ. సబ్సిడీ కావాలంటే ప్యానెల్‌లోని సెల్స్ కూడా ఇండియాలో తయారైనవే అయి ఉండాలి. కొటేషన్‌లో డీసీఆర్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

కరెంట్ పోతే సోలార్ ఎందుకు ఆగుతుంది?

ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ సొంతంగా వోల్టేజ్ తయారు చేయదు. గ్రిడ్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ సిగ్నల్‌ని పట్టుకుని దానికి తాళం వేసినట్టు నడుస్తుంది. గ్రిడ్ లేదంటే రిఫరెన్స్ లేదు, వెంటనే ఆఫ్.

ఇది డిజైన్ లోపం కాదు, కావాలనే పెట్టింది. లైన్ రిపేర్ కోసం సబ్‌స్టేషన్‌లో కరెంట్ తీసేసి లైన్‌మన్ స్తంభం ఎక్కాడనుకోండి. అదే టైమ్‌లో మన మేడ మీది ప్యానెల్స్ లైన్‌లోకి కరెంట్ తోస్తుంటే ఆయన ప్రాణం పోతుంది. ఈ రక్షణనే యాంటీ ఐలాండింగ్ అంటారు. దీన్ని బైపాస్ చేసి ఇస్తామని ఎవరైనా చెబితే వాళ్లని గేటు బయటి నుంచే పంపించేయండి.

కరెంట్ పోయినప్పుడు కూడా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి. గ్రిడ్ పోగానే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఇంటిని లైన్ నుంచి పూర్తిగా విడదీసి, బ్యాటరీ సాయంతో సొంత 50 హెర్ట్జ్ తయారు చేసుకుంటుంది. బడ్జెట్ లేకపోతే ఇప్పుడు హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకుని, బ్యాటరీ రెండేళ్ల తర్వాత కలుపుకోవచ్చు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కొనేస్తే మాత్రం బ్యాకప్ కోసం తర్వాత మళ్లీ ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

బ్యాటరీ: ఆంపియర్ అవర్లు చూసి మోసపోవద్దు

ఇంట్లో ఉండే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులది. గుణిస్తే 1.8 యూనిట్లు. లెడ్ యాసిడ్ కాబట్టి సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తూ పోతే లైఫ్ పడిపోతుంది. నికరంగా వాడుకోగలిగేది 0.9 యూనిట్. అదే 51.2 వోల్టుల 100 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీ బ్యాటరీలో 5.1 యూనిట్లు ఉంటాయి, 90 శాతం వాడినా ఏం కాదు. అంటే చేతికి వచ్చేది 4.6 యూనిట్లు. పేరులో ఏహెచ్ తక్కువగా కనిపించినా నిజానికి ఐదు రెట్లు.

ఎల్ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఫోన్‌లో ఉండే లిథియం బ్యాటరీ కంటే ఇది బరువు ఎక్కువ, కానీ వేడికి బాగా తట్టుకుంటుంది. 4000 సైకిల్స్ రేటింగ్ ఉన్నది రోజుకో సైకిల్ చొప్పున వాడినా పదేళ్లు దాటుతుంది.

మన ఇంటి రాత్రి లోడ్, అంటే బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు, టీవీ, రౌటర్ కలిపి 3 యూనిట్లు దాటదు. కాబట్టి 5 యూనిట్ల బ్యాటరీ చాలు. రాత్రంతా ఏసీ కూడా బ్యాటరీ మీదే కావాలంటే 10 యూనిట్లది కావాలి, ఖర్చు రెట్టింపు.

బోరు మోటార్ గురించి జాగ్రత్త. 1 హెచ్‌పీ మోటార్ నడిచేటప్పుడు తీసుకునేది ఒక కిలోవాటే అయినా, స్టార్ట్ అయ్యే క్షణంలో నాలుగైదు రెట్లు లాగుతుంది. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అయిపోతుంది. కరెంట్ లేనప్పుడు కూడా మోటార్ నడవాలంటే సాఫ్ట్ స్టార్టర్ పెట్టాలి, లేదా ఇన్వర్టర్ సర్జ్ రేటింగ్ చూసి కొనాలి. సింపుల్ పరిష్కారం ఏంటంటే మోటార్‌ని మధ్యాహ్నం గ్రిడ్ ఉన్నప్పుడు ఆటోమేటిక్‌గా వేసేలా వాటర్ లెవెల్ కంట్రోలర్ పెట్టుకోవడం. నిండిన ఓవర్‌హెడ్ ట్యాంక్ కూడా ఒక రకం బ్యాటరీయే కదా.

వేడి: అన్నిటికంటే చవకైన బ్యాటరీ వేడి నీళ్ల ట్యాంక్

మనకు చలి దేశాల్లోలాగా ఇల్లు వేడి చేసే పని లేదు. మన దగ్గర వేడి అంటే రెండే: స్నానం, వంట.

నలుగురి స్నానానికి 100 లీటర్ల నీళ్లని 20 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే 2.3 యూనిట్లు కావాలి. పైపుల్లో, ట్యాంక్‌లో పోయే వేడితో కలిపి 3. దీన్ని ప్యానెల్ కరెంట్‌తో చేయడం కంటే నేరుగా ఎండతో చేయడం తెలివైన పని. ఎందుకంటే సోలార్ ప్యానెల్ తన మీద పడ్డ ఎండలో 22 శాతం వరకే కరెంట్‌గా మారుస్తుంది. సోలార్ వాటర్ హీటర్ అదే ఎండలో సగం పైనే వేడిగా మార్చగలదు. 100 లీటర్లది 20 వేల అటూఇటూలో వస్తుంది.

ఇక్కడ మన ఊళ్ల సమస్య బోరు నీళ్లు. ఉప్పు ఎక్కువున్న నీళ్లు అయితే ట్యూబుల్లో తెల్లటి పొర పేరుకుని రెండు మూడేళ్లకే వేడి తగ్గిపోతుంది. అలాంటి చోట హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న ఫ్లాట్ ప్లేట్ మోడల్ తీసుకోవాలి, లేదా మున్సిపల్ నీళ్ల లైన్ ఇవ్వాలి.

ఇప్పటికే మంచి స్టోరేజ్ గీజర్ ఉంటే ఇంకో ట్రిక్ ఉంది. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లని 60 డిగ్రీలకు తెస్తే ఒక యూనిట్ ఎనర్జీ అందులో దాచినట్టే. 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్‌తో మధ్యాహ్నం 1 గంటకు, ప్యానెల్స్ ఫుల్‌గా పని చేస్తున్నప్పుడు ఆన్ అయ్యేలా పెడితే సాయంత్రం స్నానాలకు అదే సరిపోతుంది. అదే యూనిట్‌ని బ్యాటరీలో దాచాలంటే 20 వేల దాకా అవుతుంది.

ఇక వంట. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180 యూనిట్ల వేడి ఉంటుంది. గ్యాస్ మంటలో దాదాపు 40 శాతం గిన్నె పక్క నుంచి గాలిలోకి పోతుంది. అదే వంట ఇండక్షన్ మీద చేస్తే సిలిండర్‌కి 130 నుంచి 140 యూనిట్లు సరిపోతాయి. 45 రోజులకో సిలిండర్ వాడే ఇంటికి ఇది రోజుకు 3 యూనిట్లు. మధ్యాహ్నం వంట, కుక్కర్ పనులు ఇండక్షన్‌కి మార్చి, రొట్టెలూ తాలింపులూ గ్యాస్ మీద ఉంచినా సిలిండర్ చాలా రోజులు వస్తుంది. అమ్మని ఒప్పించడం మాత్రం మీ బాధ్యత.

నీళ్లు: అసలు పరీక్ష ఇక్కడే

కరెంట్‌కి గ్రిడ్ ఉంది. బోరు ఎండిపోతే మిగిలేది ట్యాంకరే. హైదరాబాద్‌కి తాగునీళ్లు నాగార్జునసాగర్ నుంచి 100 కిలోమీటర్లకు పైగా పంపుల మీద వస్తున్నాయంటే ఊరిలో నీటి పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. కానీ మన మేడ మీద పడే వాన లెక్క ఎవరూ వేయరు.

ఫార్ములా చాలా సింపుల్: ఒక చదరపు మీటర్ మీద ఒక మిల్లీమీటర్ వాన అంటే ఒక లీటర్. వెయ్యి చదరపు అడుగుల మేడ అంటే 93 చదరపు మీటర్లు. హైదరాబాద్ వర్షపాతం ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు. ఆవిరయ్యేది, పొంగిపోయేది తీసేసి 80 శాతం పట్టుకున్నా 59 వేల లీటర్లు వస్తాయి. అనంతపురంలో వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే కాబట్టి అక్కడ 40 వేలు.

నగరాల్లో ప్లానింగ్‌కి వాడే లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. నలుగురికి ఏడాదికి దాదాపు 2 లక్షల లీటర్లు. అంటే వాన మొత్తం పట్టినా 30 శాతమే. అది కూడా ఎక్కువగా జూన్ నుంచి అక్టోబర్ లోపే పడుతుంది. ఏడాది మొత్తానికి దాచాలంటే ఇంటి కింద స్విమ్మింగ్ పూల్ తవ్వాలి.

కానీ ప్రశ్న మార్చి చూడండి. తాగడానికి, వంటకి మాత్రం మనిషికి రోజుకు 5 లీటర్లు చాలు. నలుగురికి 20 లీటర్లు. నవంబర్ నుంచి మే వరకు 210 రోజులకు 4,200 లీటర్లు. అంటే ఒక్క 5,000 లీటర్ల ట్యాంక్‌తో ఎండాకాలం మొత్తం తాగునీళ్లు ఇంట్లోనే. 50 మిల్లీమీటర్ల గట్టి వాన ఒక్కటి పడితే ఆ మేడ మీద నుంచి 3,700 లీటర్లు దిగుతాయి. రెండు మంచి వానలకి ట్యాంక్ ఫుల్. వాన నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు కాబట్టి నీళ్లు వృథా చేసే ఆర్వో కూడా అక్కర్లేదు, ఫిల్టర్, యూవీ ఉంటే చాలు.

పాటించాల్సినవి నాలుగు:

- మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వాన, అంటే మన మేడకి 100 నుంచి 200 లీటర్లు, దుమ్ముతో వస్తుంది. దాన్ని పక్కకి వదిలే ఫస్ట్ ఫ్లష్ పైపు తప్పనిసరి.
- ట్యాంక్‌లోకి వెలుగు పడకూడదు, పడితే నాచు పడుతుంది. గాలి గొట్టాలకి దోమల జాలీ ఉండాలి.
- తాగే ముందు ఒకసారి ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి.
- ట్యాంక్ నిండాక పొంగే నీళ్లని డ్రైనేజీకి కాకుండా ఇంకుడు గుంతకి, వీలైతే బోరు పక్కన రీచార్జ్ పిట్‌కి కలపండి. వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. చాలా ఇళ్లలో ఇంకుడు గుంత ప్లాన్ కాగితం మీదే ఉండిపోయింది.

వాడకం తగ్గించడం కూడా తయారు చేసినట్టే. పాత ఫ్లష్ ట్యాంక్ ఒక్కసారికి 10 లీటర్లు వదులుతుంది. 3, 6 లీటర్ల డ్యూయల్ ఫ్లష్ పెడితే నలుగురి ఇంట్లో రోజుకు 120 లీటర్ల పైనే మిగులుతాయి. ఏడాదికి 45 వేల లీటర్లు! మేడ మీద పట్టే వానలో మూడు వంతులు ఒక్క ఫ్లష్ ట్యాంక్‌తోనే.

100 శాతం గ్రిడ్ లేకుండా ఉండొచ్చా?

ఉండొచ్చు, కానీ అవసరం లేదు. జూలై, ఆగస్టుల్లో మూడు రోజులు ముసురు పట్టిందనుకోండి. ప్యానెల్స్ మామూలు రోజులో ఇచ్చే దానిలో కొంతే ఇస్తాయి. ఆ మూడు రోజులకి రోజుకు 8 యూనిట్ల చొప్పున దాచాలంటే 24 యూనిట్ల బ్యాటరీ కావాలి. 5 యూనిట్లది లక్ష అటూఇటూ ఉందంటే ఇది 5 లక్షలకు చేరుతుంది, ఏడాదిలో పట్టుమని పది రోజుల కోసం. మొదటి 80 శాతానికి పెట్టే డబ్బు కంటే చివరి 20 శాతానికి పెట్టేది ఎక్కువ.

గుజరాత్‌లోని మొఢేరాని చూడండి. 2022 అక్టోబర్‌లో దేశంలో మొదటి 24 గంటల సోలార్ గ్రామంగా ప్రకటించారు. అక్కడ ఇళ్ల మీద చిన్న ప్యానెల్సే, రాత్రి కోసం పెద్ద బ్యాటరీ స్టోరేజ్ మాత్రం ఊరందరికీ ఉమ్మడిగా పెట్టారు. ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకోవడం కంటే కలిసి పెట్టుకుంటేనే చవక. మన దగ్గర నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో కూడా ఇళ్లపై 3 కిలోవాట్ల చొప్పున పెట్టారు, గ్రిడ్‌కి కనెక్ట్ అయ్యే ఉన్నాయి.

ఏ ఆర్డర్‌లో ఖర్చు పెట్టాలి?

1. బీఎల్‌డీసీ ఫ్యాన్లు, డ్యూయల్ ఫ్లష్, కుళాయిలకి ఏరేటర్లు: 15 నుంచి 20 వేలు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా ఫ్యాన్లు, ఏరేటర్లు పెట్టుకుని, వెళ్లేటప్పుడు విప్పుకుపోవచ్చు.
2. వాన నీళ్ల ట్యాంక్, ఫిల్టర్, రీచార్జ్ పిట్: 40 నుంచి 50 వేలు. జూన్ కంటే ముందు.
3. సోలార్ వాటర్ హీటర్, లేదా గీజర్ టైమర్.
4. 2 లేదా 3 కిలోవాట్ల ప్యానెల్స్, హైబ్రిడ్ ఇన్వర్టర్‌తో.
5. 5 యూనిట్ల ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ. కోతలు ఎక్కువున్న ఊరైతే వెంటనే, లేకపోతే తర్వాత.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే మేడ మీది కామన్ ప్లేస్ అసోసియేషన్‌ది కాబట్టి లిఫ్ట్, మోటార్, కారిడార్ లైట్లకి సోలార్ పెట్టించమని మీటింగ్‌లో అడగండి. పీఎం సూర్య ఘర్‌లో అసోసియేషన్లకి కిలోవాట్‌కు 18 వేల సబ్సిడీ ఉంది. వాన నీళ్ల లెక్క కూడా అక్కడే పెట్టొచ్చు.

కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు అడగాల్సిన 5 ప్రశ్నలు

- ఇన్వర్టర్ ఆన్‌గ్రిడ్డా, హైబ్రిడ్డా? కరెంట్ పోతే ఏ ఏ లైన్లు నడుస్తాయి?
- నీడ లెక్క డిసెంబర్ ఎండకి వేశారా? పక్కింటి వాటర్ ట్యాంక్ నీడ అప్పుడే ఎక్కువ పడుతుంది.
- స్ట్రక్చర్ ఎత్తెంత, ఈదురు గాలికి ఎంతవరకు తట్టుకుంటుంది? విశాఖ, శ్రీకాకుళం వైపు ఇది మొదటి ప్రశ్న కావాలి.
- ఎర్తింగ్, మెరుపుల రక్షణ, సర్జ్ ప్రొటెక్షన్ ధరలో కలిసి ఉన్నాయా?
- సర్వీస్‌కి వచ్చేది ఎవరు, ఎన్ని రోజుల్లో? ప్యానెల్ వారంటీ 25 ఏళ్లు అంటారు, ఇన్వర్టర్‌ది అంతకంటే చాలా తక్కువ.

“బిల్లు జీరో” అనే మాట గురించి చివరిగా: ప్యానెల్స్ మీ వాడకం అంతా తయారు చేసినా ఫిక్స్‌డ్ చార్జీలు వస్తూనే ఉంటాయి. ఆ కొద్ది డబ్బుకి ముసురు రోజుల్లో గ్రిడ్ మీకు బ్యాకప్‌గా ఉంటోంది, కాబట్టి అది నష్టమేం కాదు.

మొదలుపెట్టడానికి ఈ రాత్రికి ఒక పని చేయండి. గత 12 నెలల కరెంట్ బిల్లులు తీసి యూనిట్లు ఒక షీట్‌లో ఎక్కించండి, మేడ పొడవు వెడల్పు కొలవండి. ఈ రెండు నంబర్లు చేతిలో ఉంటే ఎంత పెద్ద సేల్స్‌మన్ వచ్చినా మీ ఇంటికి అక్కర్లేని కిలోవాట్ ఒక్కటి కూడా అంటగట్టలేడు.